సుంకమ్మ పిడికెడు మొరం

"ఈ గుట్ట కింది చేలు ఈ గుట్టను కొట్టినవాళ్ళవే. సూర్యుడున్నంత కాలం, చంద్రుడున్నంత కాలం, ఈ రాయి ఉన్నంత కాలం."

ఇది పాలెగాడు హంపన్న ఇచ్చిన మాట. నోటితో ఇచ్చాడు. చేతిలో చెయ్యేసి ఇచ్చాడు. రాతి మీద చెక్కించి ఇచ్చాడు. ముమ్మారు ఇచ్చిన ఆ మాట తప్పిపోయింది. తప్పిన మాటను రాళ్ళు కొట్టే ఒక ముసలమ్మ మాత్రం విడిచిపెట్టలేదు. అందుకే ఈ కథ మిగిలింది.

కోటలన్నీ ఇంకా గుట్టల కడుపులోనే ఉన్న కాలం అది. వాటిని ఇంకా ఎవరూ కొట్టలేదు, మోయలేదు, గోడలుగా నిలబెట్టలేదు. ఆ కాలంలో నెమిలిగుట్ట అని ఒక గుట్ట, దాని కింద వడ్డెపాలెం అని నలభై గుడిసెలు. నలభై గుడిసెల్లోనూ రాళ్ళు కొట్టేవాళ్ళే. తెల్లారితే కోడికంటే ముందు సమ్మెట కూసేది. ఖంగు, ఖంగు, ఖంగు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ చప్పుడు విని పాలు పితకడానికి లేచేవాళ్ళు. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. విన్నవాళ్ళను తలుచుకునేవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఆ పాలెంలో ఒక ఆచారం ఉండేది. కొత్త కోడలు వాకిట్లోకి రాగానే, హారతి కంటే ముందు ఆమె చేతికి చిన్న సుత్తి ఇచ్చేవాళ్ళు. ఎదురుగా మూడు రాళ్ళు పెట్టేవాళ్ళు. కొట్టి, విని, ఏ రాయి బతికుందో ఏ రాయి చచ్చిందో చెప్పాలి. ఖంగుమంటే బతికినట్టు. బొద్దుమంటే చచ్చినట్టు, అంటే లోపల పొర విడిచినట్టు. తప్పు చెప్పినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. నవ్వి, నోట్లో బెల్లం ముక్క పెట్టి లోపలికి పిలిచేవాళ్ళు.

సుంకమ్మ కోడలిగా వచ్చిన రోజు మొదటి రాయి కొట్టింది. బతికుంది అంది. రెండో రాయి కొట్టింది. చచ్చింది అంది. మూడో రాయిని కొట్టి, మళ్ళీ కొట్టి, చెవి ఆనించి, మళ్ళీ కొట్టింది.

"ఇది బతికే ఉండాది అత్తా. అయితే జబ్బు మీద ఉండాది."

"ఏం జబ్బే?" అంది అత్త.

"తెలీదు. దగ్గుతాండాది."

పాలెమంతా పగలబడి నవ్వింది. "రాతికి దగ్గంట! మిరియాల కషాయం కాచి పొయ్యి, తగ్గుతాది," అన్నాడు చిన్న మరిది గిడ్డయ్య. నవ్వినవాళ్ళు నవ్వారు. రెండు వానాకాలాలు పోయాక ఆ మూడో రాయి ఉల్లిపాయలా పొరలు పొరలుగా విచ్చుకుంది. అప్పటినుంచి ఆమెకు "రాయి దగ్గు విన్న సుంకి" అని పేరు పడింది. వేళాకోళంగా పడిన పేరే, అయినా రాయి కొట్టే ముందు అందరూ ఆమెను పిలిచేవాళ్ళు.

అంతలో పాలెగాడు హంపన్నకు కోట కట్టాలన్న కోరిక పుట్టింది. వడ్డెపాలెం మొత్తాన్ని పిలిపించాడు. మొదటి ఎండాకాలం పునాది. రెండో ఎండాకాలం గోడ. మూడో ఎండాకాలం బురుజు. మూడు ఎండాకాలాలూ పాలెంవాళ్ళు గుట్ట మీద కంపలు పేర్చి మంటపెట్టి, బండ ఎర్రగా కాగాక దాని మీద చన్నీళ్ళు గుమ్మరించేవాళ్ళు. బండ 'టప్' మని పొర లేచేది. ఆ పొరను గడ్డపారతో ఎత్తి, ఉలితో కోసి, భుజాల మీద మోసేవాళ్ళు. కాగిన రాయి మీద నీళ్ళు పడ్డప్పుడు తొలకరి వాసనలాంటి వాసన వచ్చేది. ఆ వాసనే వాళ్ళ అన్నం.

మూడో ఎండాకాలంలో సుంకమ్మ మొగుడు ఓబన్న కళ్ళలో రాతి పలుకులు పడ్డాయి. చూపు పోయింది. అతని ఉలి ఆమె చేతికి వచ్చింది.

కోట పూర్తయిన రోజు హంపన్న బురుజెక్కి చూసుకున్నాడు. మనసు నిండింది. దిగివచ్చి, "ఏం కావాలో అడగండి," అన్నాడు.

అడగడానికి వాళ్ళ దగ్గర ఒకే ఒక కోరిక ఉంది. తాతలనాటి నుంచి గుడిసె ఎత్తుకుని ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు పోయినవాళ్ళు. నిలబడి ఇది మాది అనుకున్న నేల పిడికెడు లేదు.

"గుట్ట కింది మొరం నేల ఇయ్యి సామీ," అన్నాడు గిడ్డయ్య. అప్పటికి అతనే పాలేనికి పెద్దమేస్త్రి. "నక్కలు తప్ప తిరగని నేల. మేం చదును చేసుకుని దున్నుకుంటాం."

రాయి నాని, ఎండి, నలిగితే మొరం అవుతుంది. మొరం ఇంకా నలిగితే మట్టి. అది ఇంకా మట్టి కాని నేల. ఎవరికీ పనికిరానిది ఇవ్వడం సులువు. హంపన్న నోటితో ఇచ్చాడు, చేతిలో చెయ్యేసి ఇచ్చాడు, ఆపైన "రాతి మీద చెక్కండి" అన్నాడు.

"ఏ రాతి మీద?" అన్నాడు కరణం.

"సుంకీ! చూసి చెప్పవే," అన్నాడు హంపన్న.

సుంకమ్మ గుట్ట వెనక ఒక రాతిని కొట్టింది. ఖంగుమంది. "ఈడ చెక్కిద్దాం సామీ. నీ మనవడి మనవడు చదువుకుంటాడు."

"గుట్ట వెనక ఎవరు చూస్తారు? నక్కలా?" అన్నాడు హంపన్న.

లోయలో చరియ కింద ఇంకో రాతిని కొట్టింది. ఖంగుమంది. "ఈడ ఎండ పడదు, వాన పడదు సామీ."

"నా మాట దొంగసొత్తా, చీకట్లో దాచడానికి?" అన్నాడు హంపన్న.

బండ్ల బాట పక్కన ఏనుగు డొక్కలాంటి నున్నటి రాయి ఒకటి ఉంది. పడమటి ఎండ పడితే తళతళా మెరిసేది. దారిన పోయే ప్రతివాడికీ కనబడేది. "ఇదీ రాయంటే!" అన్నాడు హంపన్న. సుంకమ్మ కొట్టింది. మళ్ళీ కొట్టింది. చెవి ఆనించింది.

"సామీ, ఇది దగ్గుతాండాది. దీని పై పొర లోపల విడిచింది. దీని మీద మాట నిలవదు."

అందరూ భయంగా చూశారు. హంపన్న మాత్రం నవ్వాడు. "రాయి కంటే గట్టిది నా మాట. నా మాట పడితే రాయే గట్టిపడుతుంది."

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా గిడ్డయ్య కొట్టాడు. "దొర మాట దేవుడి మాట!" అన్నాడు.

కరణం సుద్దతో గీశాడు. సుంకమ్మ ఉలి పెట్టింది. ఆమెకు చదువు రాదు. ఆ అక్షరాలు ఆమె చేతికి ఒక వంపు, ఒక గుండ్రం, ఒక కొమ్ము. ఉలి వెన్నలో దిగినట్టు దిగింది. అంత మెత్తగా దిగడమే ఆమెకు నచ్చలేదు. అయినా మూడు వరుసలూ చెక్కింది. మొదటి వరుసలో చేలు. రెండో వరుసలో సూర్యచంద్రులు. అన్నిటికంటే కింద, మూడో వరుసలో, రాయి.

ఆ ఏడు పాలెంవాళ్ళు మొట్టమొదటిసారి విత్తనం చల్లారు. పై చేలల్లో కొర్ర, కింది చేలల్లో జొన్న. కంకి గింజ పట్టిన రోజు ఓబన్న చూపులేని కళ్ళతో చేను మధ్య కూర్చుని కంకులను ఒక్కొక్కటే తడిమాడట. పొద్దు గూకినా ఇంటికి రానన్నాడట. అలాంటి రోజులు అవి.

ఇంత గొప్ప మాట ఇచ్చిన రాతికి ఏదో ఒకటి చెయ్యాలి కదా. గిడ్డయ్య ఆలోచించాడు. "ఆ రాయి మన తల్లి. శాసనమ్మ తల్లి. ఏటేటా జాతర చేద్దాం," అన్నాడు. అందరూ సరేనన్నారు. రోహిణి కార్తెలో, నడినెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతుండగా, నలభై ఇళ్ళవాళ్ళూ నలభై పొయ్యిలు రాతి మొదటికి ఆనించి పెట్టారు. పొంగలి వండారు. రాయి కాగింది. పొంగలి పొంగాక, తల్లికి వేడి చేసి ఉంటుందని నూటొక్క బిందెల చన్నీళ్ళు తెచ్చి చల్లబరిచారు. డప్పులు మోగాయి. రాతి మీది నుంచి పొగలాంటి ఆవిరి లేచింది. "తల్లి ఊపిరి పీలుస్తాంది!" అని ఆడవాళ్ళు దండాలు పెట్టారు.

సుంకమ్మ ఆ డప్పుల మధ్య చిన్న చప్పుడు ఒకటి విన్నది. 'టప్'.

మర్నాడు అందరూ పనిలోకి పోయారు. గుట్ట మీద కంపలు పేర్చారు. మంట పెట్టారు. బండ కాగింది. గిడ్డయ్య బిందె ఎత్తాడు.

"ఆగు మరిదీ," అంది సుంకమ్మ. "ఇప్పుడేం చేస్తాండావు?"

"కనబడలేదా? బండ చీలుస్తాండా."

"నిన్న ఏం చేసినావు?"

"పూజ చేసినాను."

"నిన్నా మంటే, ఈరోజూ మంటే. నిన్నా నీళ్ళే, ఈరోజూ నీళ్ళే."

గిడ్డయ్యకు కోపం వచ్చింది. "నిన్న చేసింది పూజ వదినా. ఈరోజు చేసేది పని."

"ఆ తేడా నీకు తెలుసు, నాకు తెలుసు. రాతికి తెలుసునా?"

పనిచేసేవాళ్ళు నవ్వబోయి ఆపుకున్నారు. గిడ్డయ్య బిందె నేలకేసి కొట్టాడు. "తల్లిని రాయంటావా? నీ నోరు కడుక్కో! నువ్వు మొదటినుంచీ ఆ రాతిని శపిస్తానే ఉండావు. మన నోటికాడ కూడు వచ్చిందే ఆ తల్లి వల్ల. దొర మాట దేవుడి మాట!"

"రాయి తొందరపడదు మరిదీ. రాయి ఆగదు," అంది సుంకమ్మ.

లోకంలో అన్ని కులాలవాళ్ళూ చెయ్యగల తప్పు కాదు అది. కుమ్మరులు చెయ్యరు, గొల్లలు చెయ్యరు. రాయిని నిప్పుతోనూ నీళ్ళతోనూ చీల్చడం తెలిసినవాళ్ళే, అదే నిప్పుతో, అదే నీళ్ళతో, తమ బతుకు చెక్కిన రాతిని ఏటేటా కొలిచారు.

రాయి మొదట చెమర్చింది. తర్వాత ఉబ్బింది. తర్వాత రాలింది.

పన్నెండేళ్ళకు కింది వరుస పోయింది. పొయ్యిల వేడి తగిలేది అక్కడే కదా. ఒక పొర అప్పడంలా లేచి, విరిగి కింద పడింది. పాలెమంతా పరుగెత్తుకొచ్చి రాతి ముందు గుమిగూడింది. గిడ్డయ్య పైకి చూశాడు. "సూర్యచంద్రులు ఉండారు గదా! ఇంకేం భయం?" అన్నాడు. జాతర ఆగలేదు.

రాయి మొదట చెమర్చింది. తర్వాత ఉబ్బింది. తర్వాత రాలింది.

ఇంకో పన్నెండేళ్ళకు నడిమి వరుస పోయింది. సూర్యుడూ చంద్రుడూ ఒకే వానలో రాలారు. "చేలు మనవని ఉండాది గదా! ఎంతకాలమో చెప్పకుంటే ఎప్పటికీ అనే గదా అర్థం?" అన్నాడు గిడ్డయ్య. ఆ మాట మీద అతనికే నమ్మకం చాలలేదు. అందుకే ఆ ఏడు నూటొక్క బిందెలు చాలవని మూడొందలు పోయించాడు.

"గుట్ట వెనక ఖంగుమనే రాయి ఇంకా ఉండాది. దాని మీద నేను మళ్ళీ చెక్కుతా. నా చేతికి ఇంకా గుర్తుంది," అంది సుంకమ్మ.

"దొర చూపిన చోటు కాదు. దొర చెప్పకుండా చెక్కితే అది దొంగ శాసనం. ఉన్నది కూడా పోతాది," అన్నాడు గిడ్డయ్య. అతను అన్నదీ నిజమే. ఆమె ఉలి దించేసింది.

రాయి మొదట చెమర్చింది. తర్వాత ఉబ్బింది. తర్వాత రాలింది.

మూడో పన్నెండేళ్ళకు పై వరుస కూడా పోయింది. పొర రాలిన చోట రాయి పసిబిడ్డ ఒళ్ళులా గులాబి రంగులో, కొత్తగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

రాలిన ప్రతిసారీ సుంకమ్మ ఒక పని చేసేది. అక్షరం ఉన్న పెచ్చు కాళ్ళ కింద పడకూడదని గంపకెత్తుకుని చేలోకి మోసేది. కొన్ని పై చేల గట్లకు, కొన్ని కింది చేల గట్లకు పేర్చేది. ఓబన్న బతికుండగా గంప పట్టుకుని వెంట నడిచేవాడు. అతను పోయాక ఒక్కతే మోసింది. గట్టు మీద పెట్టిన పెచ్చు వానకు నానేది, ఎండకు విచ్చేది, నాగలి కర్రుకు నలిగేది. గులాబి రంగు పలుకు మెత్తబడి బంకమన్ను అయ్యేది. తెల్లటి పలుకు ఇసుకయ్యేది. ఎవరికీ అక్కర్లేని ఆ సంగతి ఆమె ప్రతి దుక్కిలోనూ చూస్తూ వచ్చింది. ముప్పై ఆరేళ్ళలో ఆ నేల నల్లబడింది. నక్కలు తిరిగిన మొరంలో మోకాలెత్తు జొన్న నిలువెత్తయింది.

నేల మంచిదయ్యాక దాని మీద కళ్ళు పడకుండా ఉంటాయా?

హంపన్న పోయాడు. కొడుకు చిక్కరాయుడు గద్దె ఎక్కాడు. అతనికి గుర్రాల పిచ్చి. గుర్రాలకు బీడు కావాలి. ఒక వేసవి ఉదయం కరణంతో, కొలతాడుతో, పదిమంది బంట్లతో బండ్ల బాట మీద దిగాడు. పాలెమంతా వచ్చి నిలబడింది.

"ఈ చేలు మీవని ఎవరన్నారు?" అన్నాడు చిక్కరాయుడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అనేవాడితోనే భయం.

"మీ అయ్యగారు, సామీ," అన్నాడు గిడ్డయ్య. ఇప్పుడతను నడుము వంగిన ముసలివాడు. "రాతి మీద చెక్కించినారు."

"కరణం, చదువు."

కరణం రాతిని ముందు నుంచి చూశాడు. పక్క నుంచి చూశాడు. తాంబూలం రసం ఉమ్మి వచ్చి మళ్ళీ చూశాడు. "రాసి ఉంటే చదవనా ప్రభూ," అన్నాడు.

బంట్లు నవ్వారు. పాలెంవాళ్ళు తలలు దించుకున్నారు.

"చూడండి," అన్నాడు చిక్కరాయుడు. "మా అయ్య ఏమన్నాడో ఆయన నోటనే నేనూ విన్నాను. కాదనను. సూర్యుడు, చంద్రుడు, ఈ రాయి, మూడూ ఉన్నంత కాలం అన్నాడు. మాట చెక్కిన రాయి ఏది? రాలిపోయింది. మూడు రాళ్ళ పొయ్యిలో ఒక రాయి లేకపోతే కుండ నిలుస్తుందా? మీరే చెప్పండి. న్యాయం తప్పి నేనొక్క మాట అన్నానా?"

వెనక నుంచి సుంకమ్మ కదిలింది. చేలోకి దిగింది. పై చేలో ఒక కొర్ర మోడు పీకింది, కింది చేలో ఒక జొన్న మోడు పీకింది. వేళ్ళకు పట్టిన మట్టితో సహా తెచ్చి చిక్కరాయుడి ముందు దులిపింది. ఒకామె చంకలోని బిందెలో నీళ్ళు తీసి ఆ మట్టి మీద చిలకరించింది.

"ఏం కనబడతాంది సామీ?"

"మట్టి."

"ఇంకా వంగి చూడు. ముసలిదాన్ని, నేనే వంగినాను. నువ్వు వంగలేవా?"

బంట్లు కర్రలు ఎత్తబోయారు. చిక్కరాయుడు వద్దని చెయ్యి ఊపి, వంగాడు. కుర్రవాడు, చూడాలన్న కోరిక ఇంకా చావలేదు.

"గులాబి పలుకు," అన్నాడు. "తెల్ల పలుకు. ఇదేమిటి, మెరుస్తోంది?"

"కాకిబంగారం. ఇప్పుడు ఆ రాతిని చూడు."

రాతిలో గులాబి పలుకు. రాతిలో తెల్ల పలుకు. రాతిలో కాకిబంగారం.

"నీ అయ్య మాట చెక్కింది నేను. ఈ చేత్తోనే. రాలిన ప్రతి పెచ్చునూ గంపలో మోసింది నేను. ఈ నెత్తితోనే. రాయి పోలేదు సామీ. కిందికి దిగింది. మా చేలో కలిసింది. నీకు చేలు కావాలా? తీసుకో. అయితే మాట మాది. మా మాట తాలూకు పలుకులు ఒక్కొక్కటే ఏరి మాకు ఇచ్చేసి, మిగిలిన మట్టి తోలుకుపో. ఏరలేవా? అయితే ఆ రాయి ఈడనే ఉన్నట్టు. ఉన్నట్టయితే మీ అయ్య మాట ఉన్నట్టు."

గుర్రం ఒకటి తోక ఊపింది. కరణం తాంబూలం నమలడం ఆపాడు.

చిక్కరాయుడు ఆ మట్టిని చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. చివరికి లేచాడు. "ఆలోచించి జవాబు చెబుతాను," అన్నాడు.

"ఎప్పుడు సామీ?"

"చెబుతానంటిని గదా."

గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. గెలిచామని పాలెం కేకలు పెట్టింది, డప్పు కొట్టింది. గిడ్డయ్య మాత్రం రాతికి ఎదురుగా చతికిలబడి ఏడ్చాడు.

"వదినా, ఆ నీళ్ళు పోసింది నేనే. నీకు రాయి దగ్గు వినబడింది, నాకు నువ్వు చెప్పింది వినబడలేదు."

"ఊరుకో మరిదీ. నువ్వు పొయ్యకున్నా వాన పోసుండును. ఎండ కాల్చుండును. కాకుంటే ఇంకో నూరేళ్ళు పట్టుండును," అంది సుంకమ్మ. తన కొంగుతోనే అతని ముక్కు తుడిచింది. "ముసలోడివైనావు, ఇంకా చీమిడి తీసుకోవడం రాలేదు."

జవాబు రాలేదు. మూడో రోజు బంట్లు వచ్చారు. కింది చేల జోలికి పోలేదు. పై చేల చుట్టూ గుంజలు పాతి, కంప నాటి, గుర్రాలను వదిలారు. మాట సగానికి విరిగింది. సగం విరిగిన మాట విరిగినట్టే.

'దున్నేవాడిదే భూమి' అని ఆ తర్వాత చాలా కాలానికి ఎవరెవరో గోడల మీద రాశారు. సుంకమ్మ ఆ మాట వినలేదు. విన్నా చదవలేదు. ఆమె చేసింది చిన్న పని. పై చేల గట్టు మీది నుంచి పిడికెడు మొరం తీసి కొంగున ముడేసుకుని కోటకు నడిచింది.

మొదటిసారి పోతే ద్వారపాలకుడు, "దొరగారు స్నానంలో ఉన్నారు," అన్నాడు. మొరం గుమ్మం ముందు పోసి వచ్చింది.

రెండోసారి పోతే, "దొరగారు వేటకు పోయారు," అన్నాడు. మొరం గుమ్మం ముందు పోసి వచ్చింది.

మూడోసారి పోతే, "దొరగారికి గుర్తులేదంట," అన్నాడు.

అప్పుడామె మొరం అక్కడే పోసి, కోటగోడను వేలి కణుపుతో కొట్టింది. చెవి ఆనించింది. నవ్వింది.

"ఏమే ముసలీ, నవ్వుతావు?"

"ఈ రాయి కొట్టింది నా మొగుడు. మంచి రాయి. అయినా దగ్గు మొదలైంది నాయనా," అంది. "మీ దొరకు చెప్పు. దుక్కికి పొద్దవుతాంది. ఏరువాక పున్నమి నాటికి జవాబు రావాల. రాకుంటే మళ్ళీ ఏడు మళ్ళీ వస్తాం. రాయి తొందరపడదు. రాయి ఆగదు."

పున్నమి వచ్చింది. జవాబు రాలేదు. పాలెంవాళ్ళు కింది చేలల్లో నాగళ్ళు కట్టారు. మొదటి చాలు సుంకమ్మ చేత తోలించారు. ఆ వానాకాలంలోనే ఆమె మంచం పట్టింది. పోయేముందు అందరినీ పిలిచి ఒకటే మాట చెప్పింది.

"నా మీద రాయి పెట్టొద్దండి. రాయి పెడితే మీరు ఊరుకోరు. పూజ చేస్తారు. పూజ చేస్తే పగులుతాది."

ఏడుస్తున్నవాళ్ళు నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. ఆమెను కింది చేను గట్టున పూడ్చి, మీద మొరం కప్పారు. ఆ చోటు ఫలానా అని ఈరోజు ఎవరూ చూపించలేరు. నాలుగు వానలకు గట్టు గట్టులో కలిసిపోయింది.

కోట ఏమైందంటారా? కోట మొదట చెమర్చింది. తర్వాత ఉబ్బింది. తర్వాత రాలింది. బురుజు మీద ఇప్పుడు సీతాఫలం చెట్లు మొలిచాయి. గొర్రెలవాళ్ళు ఆ గోడల నీడన సద్ది తింటారు. చిక్కరాయుడి పేరు కూడా సుంకమ్మ కథలో ఉంది కాబట్టే తెలుసు. కోట పోయాక కచేరి వచ్చింది. కచేరి పోయాక ఆఫీసు వచ్చింది. గుంజలు పోయి కడ్డీలు వచ్చాయి, కడ్డీలు పోయి ముళ్ళతీగ వచ్చింది. పై చేలు మాత్రం ఒకరి నుంచి ఒకరికి చేతులు మారాయే తప్ప వడ్డెపాలేనికి తిరిగి రాలేదు.

అందుకే ఇప్పటికీ వడ్డెపాలెంలో ఏటా దుక్కికి ముందు ఒక పని చేస్తారు. ఊళ్ళో అందరికంటే పెద్ద వయసు ఆడమనిషి పై చేల కంచె పక్కన వంగి పిడికెడు మొరం తీసి కొంగున ముడేసుకుంటుంది. ఊరంతా వెనక నడుస్తుంది. డప్పు లేదు, పొంగలి లేదు, బిందెలు లేవు. ఎవరి చేతిలో ఏలుబడి ఉందో వాళ్ళ గుమ్మం ముందు ఆ మొరం పోస్తుంది. లోపలివాళ్ళు విసుక్కుంటారు. చీపురు తెప్పిస్తారు. "ఏమిటమ్మా ఇది, ఎప్పుడో పాతకాలం మాట!" అంటారు.

"పాతదే నాయనా," అంటుంది ఆ అవ్వ. "ఇంకా మట్టి కాలేదు."

ఆపైన ఊరంతా ఒక్క గొంతుతో అడుగుతుంది. ఈ ఏడూ అడిగింది. పై చేలు ఎవరివి? అవునో కాదో, నోటితో చెప్పండి. ఆలోచించి చెబుతాం అనొద్దు. ఆలోచనకు ఇచ్చిన కాలం అయిపోయింది. జ్యేష్ఠ మాసం, ఏరువాక పున్నమి, పొద్దు గూకేలోపల చెప్పండి.